చెప్పింది గానీ, వినేవాళ్ళు లేరు

పిల్లలూ, మీలో కొందరు కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టే ఉంటారు. మీరు రాసిన మొట్టమొదటి ప్రోగ్రాము ఏం చేసి ఉంటుందో నేను ఇక్కడినుంచే చెప్పగలను. తెరమీద ఒక పలకరింపు అచ్చువేసి ఉంటుంది. అవునా? చాలా కంప్యూటరు భాషల్లో తొలి పాఠం అదే. దానికి వాడే ఆజ్ఞ పేరు ‘ప్రింట్’. కాగితం లేదు, సిరా లేదు, మరి అచ్చు అనే మాట ఎందుకు? పూర్వం కంప్యూటరు ముందు ఇప్పటిలాంటి తెర ఉండేది కాదు. టెలిప్రింటరు యంత్రం ఉండేది. కంప్యూటరు ఏం చెప్పదలచుకున్నా అది టకటకమని కాగితం చుట్టమీద కొట్టేది. కాగితం పోయి తెర వచ్చింది, మాట మిగిలింది. కంప్యూటరుకు ఎదురుగా మనిషి కూర్చుని, అది చెప్పేది అక్కడికక్కడే చదువుకునే ఆ చోటునే కన్సోల్ అంటారు.

ప్రోగ్రాము తన సంగతులు చెప్పుకోవడానికి ఇంకో దారి కూడా ఉంది. ఎదుట ఉన్న తెరమీద కాకుండా, దూరంగా ఇంకెక్కడో ఉన్న కంప్యూటరుకు పంపించి, అక్కడి పుస్తకంలో తేదీ, వేళతో సహా రాయించడం. దీన్ని రిమోట్ లాగింగ్ అంటారు. లాగ్ అనే మాట ఓడలనుంచి వచ్చింది. వెనకటి నావికులు తాడుకు ఒక కొయ్యముక్క కట్టి సముద్రంలో వేసి, నిర్ణీత కాలంలో తాడుకున్న ముడులు ఎన్ని జారాయో లెక్కపెట్టి ఓడ వేగం తెలుసుకునేవారు. ఆ కొయ్యముక్క పేరు లాగ్. ఆ లెక్కలు రాసే పుస్తకం లాగ్‌బుక్ అయింది. ఓడ వేగాన్ని ఈనాటికీ ‘నాట్లు’ అంటున్నామే, అవి ఆ ముడులే.

తెరమీద చెబితేనేం, దూరానికి పంపితేనేం, ఇందులో అభిప్రాయాలు చెప్పుకోవలసినంత సంగతి ఏముందని మీకు అనిపించవచ్చు. నాకూ ఒకప్పుడు అలాగే అనిపించేది. మోత్కూరు దగ్గర ఒక బోరు మోటరు కాలిపోయాక అలా అనుకోవడం మానేశాను.

మోత్కూరు ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. 2016లో జిల్లాలు విడదీసేదాకా నల్లగొండ జిల్లాలో ఉండేది. మెట్టప్రాంతం. వరి, పత్తి వేస్తారు. చెరువు నిండితే చెరువు, లేకపోతే బోరే దిక్కు. బోరు మోటర్లు ఇళ్ళ దగ్గర ఉండవు, పొలాల్లో ఉంటాయి. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1న మొదలైంది. అంతకుముందు కరెంటు విడతలుగా వచ్చేది. రాత్రి వస్తే రాత్రే బ్యాటరీలైటు పట్టుకొని పొలానికి పోయి స్టార్టరు నొక్కవలసి వచ్చేది. అలా పోయి పాముకాటుకో, షాకుకో ప్రాణాలు పోగొట్టుకున్న రైతులు ఎందరో. అందుకే పొలంలో మోటరు ఎలా ఉందో ఇంట్లో కూర్చుని తెలుసుకోవడం ఆ ఊళ్ళలో సరదా విషయం కాదు.

ఆ మండలంలో ఒక ఊరు. తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి సైన్సు ప్రదర్శన కోసం ఒక పరికరం తయారుచేసింది. అగ్గిపెట్టెంత ఎలక్ట్రానిక్ పలక, దానికి తగిలించిన ఒక ఉంగరం. మోటరుకు పోయే తీగ ఆ ఉంగరంలోంచి దూరి వెళ్తుంది. తీగలో ఎంత కరెంటు పోతోందో ఉంగరం కనిపెట్టి పలకకు చెబుతుంది. పలకలో ఉన్న ప్రోగ్రాము ఐదు సెకండ్లకొకసారి దాన్ని ఆంపియర్లలో ప్రింటు చేస్తుంది. వాళ్ళన్న ల్యాప్‌టాప్‌కు కేబుల్‌తో కలిపి చూస్తే అంకెలు ముత్యాల్లా వరసగా వచ్చాయి. ప్రదర్శనలో అందరూ మెచ్చుకున్నారు. తాత బోరుది ఐదు హార్సుపవరు మోటరు, మామూలుగా ఎనిమిది ఆంపియర్ల దాకా లాగుతుంది. పరికరం కూడా అంతే చూపించింది. సంతోషంగా తీసుకుపోయి స్టార్టరు డబ్బాలో బిగించి, ల్యాప్‌టాప్ విప్పుకొని ఇంటికి వచ్చారు.

మూడోనాటి రాత్రి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఒక ఫ్యూజు పోయింది. మూడు ఫేజుల్లో ఒకటి లేకుండా పోయింది. మూడు ఫేజులమీద నడవాల్సిన మోటరు రెండింటిమీద నడిస్తే ఆ రెండు తీగల్లో కరెంటు పెరిగిపోతుంది, లోపలి రాగి చుట్ట వేడెక్కి కాలిపోతుంది. తెల్లారేసరికి అదే జరిగింది. బోరులోంచి మోటరు పైకి తీయించాలి, చుట్ట మళ్ళీ చుట్టించాలి. వేల రూపాయలు. వరి పొట్టమీద ఉన్న సమయం.

“ఏందే బిడ్డా, నీ డబ్బా గప్పుడు ఏం జెప్పలేదా?” అని అడిగాడు తాత.

“చెప్పే ఉంటది తాతా. గని ఇనెటోళ్ళు లేరు” అంది ఆ పిల్ల.

నిజమే. పరికరంలో ఏ లోపమూ లేదు. పెరిగిన కరెంటును అది ఐదు సెకండ్లకొకసారి చెబుతూనే ఉండి ఉంటుంది. కొస ఎక్కడా తగిలించని కేబుల్‌లోకి చెప్పింది. చెప్పినది రాసిపెట్టుకునే చోటు దానికి లేదు. కనుక ఫేజు ఎన్ని గంటలకు పోయిందో, మోటరు ఎంతసేపు మూలిగి ఆగిందో ఎప్పటికీ తెలియదు.

ఈ సంగతి విన్న ఒక పెద్దమనిషి, చదువుకున్నాయన, “ప్రింటుతో పని చేయించడమే తప్పు, అది పసిపిల్లల పద్ధతి, మొదటినుంచీ సర్వరుకు పంపేలా చేసుకోవాలి” అన్నాడు. నేను ఒప్పుకోను. ఆ అమ్మాయి తన ఇంట్లో బల్లమీద ప్రింటుతో పని నేర్చుకోవడం నూటికి నూరుపాళ్ళు సరైన పని. పరికరం తనను విడిచి పొలానికి పోతున్నదని తెలిసి కూడా దాని మాట చేరే చోటు మార్చకపోవడం ఒక్కటే పొరపాటు.

ప్రింటును చిన్నచూపు చూసేవాళ్ళకు ఒక పేరు గుర్తుచేస్తాను. బ్రయాన్ కెర్నిగన్. డెన్నిస్ రిచీతో కలిసి 1978లో సి భాషమీద జగత్ప్రసిద్ధమైన పుస్తకం రాసినవాడు. తప్పులు వెతకడానికి బాగా ఆలోచించడం, ఆలోచించి తగిన చోట ప్రింటు వాక్యాలు పెట్టడం, వీటిని మించిన సాధనం లేదన్న అభిప్రాయం ఆయనది. కారణం తేలికే. ప్రింటుకు ఇంకెవరి సాయమూ అక్కరలేదు. సిమ్ము అక్కరలేదు, ఇంటర్నెట్టు అక్కరలేదు, ఖాతా, తాళపుమాట ఏదీ అక్కరలేదు. దూరానికి పంపే ఏర్పాటు చేసుకుంటే, అది పనిచేయనప్పుడు తప్పు మన ప్రోగ్రాములో ఉందా, పంపే దారిలో ఉందా, పుచ్చుకునే చోట ఉందా అని ముందు దాన్ని వెతుక్కోవాలి. నేర్చుకునేవాడికి అది తలకు మించిన బరువు.

ప్రింటు అమాయకురాలు మాత్రం కాదు. ఇలాంటి పలకలకు పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా కనిపించే వేగం 9,600. అంటే సెకనుకు దాదాపు 960 అక్షరాలు. అరవై అక్షరాల వాక్యం ఒకటి కేబుల్‌లో దాటిపోవడానికి సెకనులో పదహారో వంతు పడుతుంది. కనురెప్ప పాటంత అంటారా? నిమిషానికి సుమారు 2,900 సార్లు తిరిగే బోరు మోటరు ఆ వ్యవధిలో మూడుసార్లు తిరిగి వస్తుంది! ప్రోగ్రాము ఆ కాసేపూ మాట్లాడుతూ కూర్చుంటే, చూడవలసింది చూడకుండానే పోవచ్చు. ప్రింటు పెడితే మాయమై, తీసేస్తే మళ్ళీ కనిపించే తప్పులు కూడా ఉంటాయి. అలాంటి దానితో ఒక్కసారి అవస్థపడితే జన్మలో మరచిపోరు.

ఇక దూరానికి పంపే పద్ధతి చూద్దాం. దీన్ని అర్థం చేసుకోవడానికి కంప్యూటరు కంటే వానకొలత పాత్ర మంచిది. తహసీలు కార్యాలయాల ఆవరణల్లో గరాటు మూతి ఉన్న ఒక పాత్ర మీరు చూసే ఉంటారు. ఉదయం ఎనిమిదిన్నరకు ఒక మనిషి వచ్చి, అందులో పడ్డ నీటిని గాజు కొలపాత్రలోకి వంచి, మిల్లీమీటర్లు చదివి రిజిస్టరులో రాస్తాడు. ఇది కన్సోల్ పద్ధతి. ఇప్పుడు తెలంగాణలో వెయ్యికి పైగా స్వయంచాలక వాతావరణ కేంద్రాలున్నాయి. చాలా వాటిలో వాన కొలిచే పరికరంలో తక్కెడలాంటి రెండు బుల్లి దొప్పలుంటాయి. ఒక దొప్ప నిండగానే ఒరిగి నీళ్ళు పారబోసి రెండోదాన్ని గరాటు కిందికి తెస్తుంది. ఒక్కొక్క ఒరుగుకు ఇన్ని మిల్లీమీటర్లని లెక్క, కొన్నింటిలో 0.2, కొన్నింటిలో 0.5. ఆ లెక్క ఫోను సంకేతాల ద్వారా హైదరాబాదు చేరుతుంది. అర్ధరాత్రి కుంభవృష్టి కురిసినా మనిషి రానక్కరలేదు. వాగు పొంగకముందే పల్లపు ఊళ్ళకు కబురు చేయవచ్చు. ఎనిమిదిన్నర దాకా ఆగే రిజిస్టరుతో ఆ పని కాదు.

కానీ, గరాటులో ఒక ఆకు అడ్డం పడిందనుకోండి. దొప్పల మధ్య సాలీడు గూడు కట్టిందనుకోండి. దొప్ప ఒరగదు. హైదరాబాదుకు ‘వాన సున్నా’ అని పోతుంది. ఇక్కడ ఊరంతా మునుగుతున్నా అక్కడి పుస్తకంలో సున్నాయే. రిజిస్టరు రాసే మనిషైతే గరాటులోకి వంగి చూసి ఆకు తీసి పారేసేవాడు. దూరపు పుస్తకం పరికరం చెప్పిన మాట రాసుకుంటుంది. పరికరం కళ్ళు ఎలా ఉన్నాయో దానికి తెలియదు.

ఇంకో చిక్కు ఇంతకంటే పెద్దది. సున్నా అయినా రాకుండా, అసలు కబురే రాకపోతే? అంతా బాగుండి చెప్పడానికేమీ లేక ఊరుకుందా? బ్యాటరీ అయిపోయిందా? పిడుగుపడి స్తంభమే పోయిందా? మౌనానికి ఇన్ని అర్థాలున్నాయి. మోత్కూరు అమ్మాయి పరికరం సంగతే చూడండి. దానికి కరెంటు అందేది మోటరు లైనునుంచే. లైను మొత్తం పోయిన క్షణంలో పరికరమూ చచ్చిపోతుంది. ‘కరెంటు పోయింది’ అని చెప్పడానికి దానికి ఊపిరి ఉండదు. అందుకే అనుభవమున్న ఇంజనీర్లు ఒక చిన్న ఏర్పాటు చేస్తారు. చెప్పడానికేమీ లేకపోయినా, నియమిత వేళకు ‘నేను ఉన్నాను’ అని ఒక కబురు పంపిస్తారు. గుండె చప్పుడు అంటారు దాన్ని. అది ఆగితే ఏదో జరిగిందని లెక్క. పరదేశం పోయిన కొడుకు వారం వారం ఫోను చేయడంలాంటిది. ఏం మాట్లాడాడన్నది కాదు, చేశాడా లేదా అన్నదే తల్లికి ముఖ్యం.

పంపిన కబురు చేరుతుందన్న పూచీ కూడా ఎప్పుడూ ఉండదు. 1980ల్లో అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్‌మన్ ‘సిస్‌లాగ్’ అనే పద్ధతి తయారుచేశాడు. కంప్యూటర్లు తమ దినచర్యను ఇంకో కంప్యూటరుకు పంపుకునే మార్గం అది, ఈనాటికీ వాడుకలో ఉంది. అది చాలాకాలం యూడీపీ అనే రవాణా మీదే నడిచింది. అది పోస్టుకార్డు డబ్బాలో వేసి వచ్చేయడంలాంటిది. చేరిందో లేదో అడగదు. ముట్టినట్టు సంతకం తెచ్చే పద్ధతులు తర్వాత చేరాయి. అవి నమ్మకమైనవి, కానీ అవతల జవాబు రాకపోతే ఇవతల ప్రోగ్రాము వాకిట్లో కాచుక్కూర్చునే ప్రమాదం ఉంది. కబురు చెప్పడంలో పడి అసలు పని మానేస్తే ఎలా?

అయినా కొన్ని చోట్ల పంపడం తప్ప గత్యంతరం లేదు. మన శ్రీహరికోటనే తీసుకోండి. 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 మొదటిసారి లేచింది. రెండో దశలో అదుపు తప్పి, అయిదు నిమిషాలు దాటిన కాసేపటికి బంగాళాఖాతంలో పడిపోయింది. రాకెట్టు సముద్రం పాలు. వెళ్ళి విప్పి చూసే వీలు లేదు. అది ఎగురుతూ రేడియోలో పంపిన కొలతలు, నేలమీద ఉన్న రికార్డులు, ఇవే సాక్ష్యం. వాటిని పట్టుకొని శాస్త్రజ్ఞులు వెతగ్గా, రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఒక వాల్వు సరిగా మూసుకోక అక్కడి ద్రవం కారిపోయిందని తేలింది. మరుసటి ఏడు, 1980 జులై 18న, అదే జాతి రాకెట్టు 35 కిలోల రోహిణిని కక్ష్యలో పెట్టింది.

పంపింది చాలా, దగ్గర కూడా ఉంచుకోవాలా? 2009 జూన్ 1న 228 మందితో ఒక ఎయిర్ ఫ్రాన్స్ విమానం అట్లాంటిక్ సముద్రంలో కూలింది. ఆఖరి నిమిషాల్లో అది తనంతట తాను 24 కబుర్లు నేలకు పంపింది. వేగం కొలిచే పరికరాలు పొందిక లేని లెక్కలు చూపాయని వాటినిబట్టి తెలిసింది. అయితే లోపల పైలట్లు ఏం చూశారు, ఏం చేశారు? అది సుమారు 3,900 మీటర్ల లోతునుంచి 2011లో పెట్టెలు పైకి తీశాకే తెలిసింది. దూరానికి పోయింది క్లుప్తం, పెట్టెలో ఉన్నది వివరం. రెండూ కావలసి వచ్చాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ అంగారకుడి మీదిది. నాసావారి పాత్‌ఫైండరు 1997 జులై 4న అక్కడ దిగింది. బొమ్మలు పంపింది, ప్రపంచం మురిసింది. కొద్ది రోజులకు అది ఉన్నట్టుండి తనంతట తాను మొదటికి వచ్చి మళ్ళీ మొదలవడం ప్రారంభించింది, ఒకసారి కాదు, పదే పదే. కోట్ల కిలోమీటర్ల దూరం. అక్కడ ఎవరు కూర్చుని తెర చూస్తారు? ఇక్కడ ఒక్క విషయం వారిని కాపాడింది. తయారుచేసే రోజుల్లో తమ సౌకర్యంకోసం పెట్టుకున్న జాడ రాసే ఏర్పాటును, ఇక అక్కరలేదని తీసేయకుండా, ప్రోగ్రాములోనే ఉంచి పంపారు. ప్రయోగశాలలో దాని కవల ఒకటి ఉంది. ఇంజనీర్లు దానిమీద జాడ రాయించుతూ అదే పని మళ్ళీ మళ్ళీ చేయించారు. చివరికి అదీ ఒకసారి మొదటికి వచ్చింది, జాడ చేతికి దొరికింది. సంగతేమిటంటే, వాతావరణం కొలిచే తక్కువ ప్రాధాన్యపు పని, అందరికీ ఉమ్మడిగా ఉన్న ఒక తాళం పట్టుకొని ఉండగా, మధ్యరకం పని ఒకటి వచ్చి దాన్ని పక్కకు నెట్టేసేది. తాళం కోసం ఎదురుచూసే అతి ముఖ్యమైన పని ఆగిపోయేది. కాపలా గడియారం, ‘ఏదో చెడింది’ అని మొత్తం మొదటికి తెచ్చేది. బావి దగ్గర చేద పట్టుకున్న చిన్నవాణ్ణి ఎవరో కబుర్లలో పెడితే, దాహంతో వచ్చిన పెద్దాయన నిలబడిపోయినట్టు. తాళం పట్టుకున్నవాడికి ఆ కాసేపు పెద్దవాడి హోదా ఇచ్చే వీలు ప్రోగ్రాములో ముందే ఉంది, కానీ మూసి ఉంది. దాన్ని భూమినుంచే తెరిచారు. జబ్బు కుదిరింది.

చూశారా, ఆ జాడ ఏర్పాటు మొదట బల్లమీది ప్రింటుకు అన్నదమ్ముడే. చెప్పే వాక్యాలు ప్రోగ్రాములో ఉండాలి. అవి తెరకు పోవాలా, కార్డులోకి పోవాలా, దూరానికి పోవాలా అన్నది విడిగా తేల్చుకోగలగాలి. పైథాన్ భాషలో 2003నుంచి ఇందుకు ‘లాగింగ్’ అనే విభాగమే ఉంది. చెప్పే మాటలకు అందులో అయిదు మెట్లు, అల్ప విషయం నుంచి ప్రమాదం దాకా. ఏ మెట్టునుంచి పైవి ఎక్కడికి పోవాలో ఒక్కచోట రాస్తే చాలు. మీలో పైథాన్ నేర్చుకునేవాళ్ళు నాలుగు ప్రింట్లు రాయగానే దీన్ని కూడా పలకరించండి, భయపడవలసినదేమీ లేదు.

అన్నీ పంపేద్దామా అంటే, వద్దు. 2018 మేలో ట్విటరు సంస్థ తన వాడకందార్లందరినీ తాళపుమాటలు మార్చుకొమ్మని కోరవలసి వచ్చింది. ఒక లోపంవల్ల ఆ మాటలు దాపరికం లేకుండా వాళ్ళ సొంత లాగుల్లోకి ఎక్కిపోయాయి. దొంగ ఎవరూ రాలేదు, ఇంటివాళ్ళే తాళంచెవి దినచర్య పుస్తకంలో అతికించుకున్నారు! తెరమీద అచ్చయిన రహస్యం తెర కట్టేస్తే పోతుంది. దూరపు పుస్తకంలోది పోదు. మీ ప్రోగ్రాములో తాత ఫోను నంబరుంటే అది లాగుకు ఎందుకు?

మళ్ళీ మోత్కూరుకు వద్దాం. ఆ అమ్మాయి ఇప్పుడు పరికరానికి చిన్న బ్యాటరీ, సిమ్ము పెట్టే పలక, ఒక మెమరీ కార్డు చేర్చింది. పొలానికి ఇంటి వైఫై అందదు, అందుకని సిమ్ము. గడియారానికి వేరే ఒక బొత్తాం బ్యాటరీ పెట్టింది, ఎందుకంటే కరెంటు పోయివస్తే పలక తన కాలాన్ని సున్నానుంచి లెక్కిస్తుంది, వేళ తెలియని లాగు గోడమీది బొగ్గు గీతలాంటిది. ఐదు సెకండ్ల లెక్కలన్నీ కార్డులోకే పోతాయి. మోటరు మొదలైతే, ఆగితే, కరెంటు పది ఆంపియర్లు దాటితే మాత్రం తాత ఫోనుకు మెసేజి. ఉదయం ఆరుకు, సాయంత్రం ఆరుకు ‘బాగున్న’ అని ఒక్క మాట. అది రాని పూట తాత పొలానికి నడుస్తాడు.

పాత ప్రింటు వాక్యాలు ఆమె తీసేయలేదు. కేబుల్ తగిలించే చోటు కూడా అలాగే ఉంది. మొన్న ఎండలో బోరులో నీళ్ళు తగ్గి మోటరు ఉత్తగా తిరిగితే, ఫోను మాత్రం ‘నడుస్తున్నది’ అనే చెప్పిందట. పైపులోంచి చుక్క పడటంలేదని చూసింది తాతే. నీళ్ళు లేనప్పుడు కరెంటు పెరగదు, తగ్గుతుంది. తగ్గుదల గురించి ప్రోగ్రాములో ఒక్క వాక్యమూ లేదు. ఎంతకు తగ్గుతుందో ఏ పుస్తకంలోనూ ఆ బోరు లెక్క ఉండదు కదా. నేను వెళ్ళినప్పుడు ఆ పిల్ల బోరు గట్టున గొడుగు కింద కూర్చుని, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకొని, కేబుల్ తగిలించి ఉంది. తాత పైపు దగ్గర నిలబడి ధార సన్నబడ్డప్పుడల్లా కేకేస్తున్నాడు, ఆమె తెరమీద దొర్లే అంకెలు చూసి నోటుబుక్కులో రాసుకుంటున్నది.